పెళుసుదనానికి విరుగుడు చిన్న రేణువు

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  డెబ్బై అయిదు సంవత్సరాల విద్యాసేవను స్మరించుకొనే ఈ శుభసమయంలో విజ్ఞాన శాస్త్రానికి కూడా ఒక అరగంట కేటాయించడం సముచితం. నేటి ప్రసంగ విషయం లోహాల పెళుసుదనం. మిక్కిలి వేడిని తట్టుకొనే కొన్ని లోహ సమ్మేళనాలు గాజువలె ఎందుకు పగిలిపోతాయి, వాటి లోపలి రేణువులను సన్నగా చేస్తే ఆ దోషం ఎంతవరకు తగ్గుతుంది అన్నది ఇక్కడ చర్చనీయాంశం.

విషయం కొత్తదిగా తోచవచ్చు గాని, తీర్థమలైకి ఇది పరాయిది కాదు. ఈ పేరు వినగానే భక్తులకు కొండపై వెలసిన తీర్థగిరీశ్వరుడు, ఆ కొండ రాళ్ల నడుమ జాలువారే పుణ్యతీర్థాలు స్ఫురిస్తాయి. భూగర్భ శాస్త్రజ్ఞులకు ఇదే పేరు మరొక కారణంగా తెలుసు. 1864లో కింగ్, ఫుట్ అనే ఇద్దరు భూగర్భ శాస్త్రజ్ఞులు నాటి సేలం జిల్లాలోని అయస్కాంత ఇనుప ఖనిజపు పొరలను సర్వే చేసి, వాటిని అయిదు సమూహాలుగా వర్గీకరించారు. కంజమలై, గోడుమలై మొదలైన వాటితో పాటు తీర్థమలై కూడా ఆ జాబితాలో ఒకటి. 1965లో సేలం నుండి ధర్మపురి జిల్లా విడివడక ముందు ఈ ప్రాంతమంతా ఆ జిల్లాలోనిదే. అంటే యాత్రికులు పాదాలు మోపే ఈ కొండల పొరలలో ఇనుము ఉన్నది. ఇనుము ఉన్నచోట దానిని కరిగించేవారు, సాగగొట్టేవారు కూడా ఉంటారు. దక్షిణ భారతదేశం ప్రపంచానికి ఉక్కును ఇచ్చిన నేల అని చెప్పుకోవడం అతిశయోక్తి కాదు.

ఐరోపావారు ఆ ఉక్కును ‘వూట్జ్’ అన్నారు. ఆ మాట మన ‘ఉక్కు’ అనే మాటకు మారిన రూపమేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఇటు సేలం ప్రాంతంలోను, అటు నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం వంటి గ్రామాలలోను మట్టి మూసలలో ఇనుమును, బొగ్గునిచ్చే పదార్థాలను కలిపి కరిగించి ఈ ఉక్కు దిమ్మెలను తయారుచేసేవారు. పారసీక వర్తకులు కోనసముద్రానికి వచ్చి ఉక్కు కొనుక్కుపోయేవారని హైదరాబాదు రాజ్యంలో పర్యటించిన హెన్రీ వాయ్సీ అనే వైద్యుడు, భూగర్భ పరిశీలకుడు పందొమ్మిదో శతాబ్దపు తొలి దశకాలలో రాసిపెట్టాడు. విద్యుత్తు విషయంలో ప్రసిద్ధుడైన మైకేల్ ఫారడే కూడా 1819 ప్రాంతంలో ఈ ఉక్కు రహస్యం తెలుసుకోవడానికి ప్రయోగాలు చేశాడు.

ఆ ఉక్కులో ఒక చిక్కు ఉండేది. దానిలో కర్బనం నూటికి సుమారు ఒకటిన్నర పాళ్లు ఉంటుంది. ఇనుము, కర్బనం కలిసి మిక్కిలి గట్టిదైన సిమెంటైట్ అనే సమ్మేళనం ఏర్పడుతుంది. దిమ్మె మెల్లగా చల్లారేటప్పుడు ఈ సిమెంటైట్ ఇనుప రేణువుల చుట్టూ వలలాగా అల్లుకుంటుంది. ఆ వల తెగితే దిమ్మె అంతా పగులుతుంది. అందువల్ల ఐరోపా కమ్మరులు దానిని తమ అలవాటు ప్రకారం తెల్లగా కాల్చి సుత్తితో కొట్టినప్పుడు అది ముక్కలైపోయేది. తూర్పుదేశపు కమ్మరులు దానిని ఎర్రని వేడి దాటనీయక, ఓపికగా, మళ్లీ మళ్లీ కాల్చి కొట్టేవారు. ఆ దెబ్బలకు వల చెదిరి, సన్నని గుండ్రని పలుకులుగా ఇనుములో పరచుకునేది. అప్పుడే అది కత్తిగా సాగేది, విరగకుండా నిలిచేది. సూక్ష్మదర్శిని లేని కాలంలో కేవలం చేతి అనుభవంతో సాధించిన విద్య అది. 1970, 80 దశకాలలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఓలెగ్ షెర్బీ, జెఫ్రీ వాడ్స్‌వర్త్ అనే శాస్త్రజ్ఞులు అధిక కర్బనం గల ఉక్కును మిక్కిలి సన్నని రేణువులు కలిగేలా తయారుచేసి, అది పెళుసు కాదని, తగిన వేడిలో జిగురువలె సాగుతుందని చూపారు. తాము చేసిన పదార్థం పాత డమాస్కస్ కత్తుల ఉక్కుకు చుట్టమని వారే గుర్తించారు.

ఇక్కడ ‘రేణువు’ అంటే ఏమిటో విద్యార్థులకు స్పష్టం కావాలి. పైకి ఏకఖండంగా కనిపించే లోహం నిజానికి అసంఖ్యాకమైన చిన్న స్ఫటికాల ముద్ద. ఒక్కొక్క స్ఫటికంలో పరమాణువులు వరుసలు తీరి ఉంటాయి. పక్క స్ఫటికంలోనూ వరుసలు ఉంటాయి గాని, వాటి దిశ వేరు. ఈ స్ఫటికాలనే రేణువులు అంటారు. రెండు రేణువులు కలిసే చోటు సరిహద్దు. జింకు పూత పూసిన పాత ఇనుప బకెట్టును పరికించి చూస్తే దానిపై పువ్వుల వలె, ఆకుల వలె మెరిసే పెద్ద పెద్ద మచ్చలు కనిపిస్తాయి. అవి జింకు రేణువులే. ఆ బకెట్టు మోసినవారందరూ లోహ రేణువులను చూసినవారే. సాధారణ లోహాలలో అవి అంత పెద్దవి కావు. తల వెంట్రుక మందం సుమారు 70, 80 మైక్రాన్లు అనుకుంటే, మంచి ఉక్కు రేణువు అందులో నాలుగో వంతో, ఎనిమిదో వంతో ఉంటుంది. పోతపోసిన లోహంలో మాత్రం అవి ఆవగింజంత కూడా పెరగవచ్చు.

రేణువు పెద్దది కావడానికీ, చిన్నది కావడానికీ కారణం వంటింట్లోనే తెలుస్తుంది. కాచిన నెయ్యిని నిదానంగా చల్లారనిస్తే చక్కగా పూస కడుతుంది. అదే నేతిని చల్లని పెట్టెలో ఉంచి త్వరగా గడ్డకట్టిస్తే పూస లేక నున్నగా ఉంటుంది. చక్కెర పాకాన్ని రోజుల తరబడి కదపకుండా ఉంచితే పటికబెల్లం వలె పెద్ద పలుకులు తేలుతాయి. గరిటెతో తిప్పుతూ చల్లార్చితే సన్నని పొడి పలుకు వస్తుంది. కారణం ఒక్కటే. గడ్డకట్టడం ఒకేసారి అనేక చోట్ల మొదలైతే ఒక్కొక్క స్ఫటికానికి పెరిగే చోటు తక్కువ. కొద్దిచోట్లనే మొదలైతే ఒక్కొక్కటి విశృంఖలంగా పెరుగుతుంది.

రేణువు చిన్నదైతే బలం ఎందుకు హెచ్చుతుంది? లోహాన్ని వంచినప్పుడు దానిలోని పరమాణు వరుసలు ఒకదానిపై ఒకటి జారతాయి. ఈ జారుడు ఒక్కసారిగా జరగదు. వరుసలలోని చిన్న దోషాలు కదులుతూ పోవడం వల్ల జరుగుతుంది. ఈ దోషాలను స్థానభ్రంశాలు అంటారు. రేణువు సరిహద్దు వద్దకు రాగానే అవి ఆగిపోతాయి, ఎందుకంటే అవతల వరుసల దిశ మారింది. పండుగనాడు ఆలయపు పొడవైన మంటపంలో జనం మూసిన తలుపువైపు తోసుకుంటూ ఉన్నారనుకోండి. మంటపం ఎంత పొడవైతే అంతమంది పోగవుతారు, ముందున్నవారి మీద, తలుపు మీద అంత ఒత్తిడి పడుతుంది. గది చిన్నదైతే పదిమందే ఉంటారు, తలుపు నిలుస్తుంది. పెద్ద రేణువులో వందల స్థానభ్రంశాలు సరిహద్దు వద్ద గుమిగూడి అక్కడ ఒత్తిడిని పెంచుతాయి. లోహం సాగగలిగినదైతే ఆ ఒత్తిడికి పక్క రేణువు కూడా జారడం మొదలుపెడుతుంది. సాగలేనిదైతే అక్కడ పగులు పుడుతుంది.

పుట్టిన పగులును కూడా చిన్న రేణువులు నిలువరిస్తాయి. పెద్ద మడిలో గండిపడితే నీరు ఆ చివరి వరకు పరుగెత్తుతుంది. అదే నేలను గట్లువేసి చిన్న చిన్న మళ్లుగా చేస్తే ప్రతి గట్టు వద్దా నీరు ఆగి, దారి వెదుక్కోవాలి. పగులుకు రేణువుల సరిహద్దులు అట్టి గట్లు. ప్రతి సరిహద్దులోను దిశ మారవలసి రావడంతో పగులు తన శక్తిని కోల్పోతుంది.

ఈ సంబంధాన్ని లెక్కలలో చూపినవారు ఇద్దరు. 1951లో హాల్, 1953లో పెచ్ అనే శాస్త్రజ్ఞులు ఇంగ్లండులో వేర్వేరుగా ఉక్కును పరిశీలించి, రేణువు వెడల్పు వర్గమూలానికి విలోమంగా బలం పెరుగుతుందని నిరూపించారు. అంటే రేణువును నాలుగో వంతు చేస్తే సరిహద్దుల వల్ల కలిగే బలం రెండింతలు అవుతుంది. నూరో వంతు చేస్తే పదింతలు అవుతుంది. వర్గమూలాలు నేర్చుకొనే పిల్లలు ‘ఇది ఎక్కడ పనికివస్తుంది?’ అని అడిగితే ఉపాధ్యాయులు నిస్సంకోచంగా ఈ ఉదాహరణ చెప్పవచ్చు. ఇందులో మరొక విశేషం కూడా ఉన్నది. లోహాన్ని గట్టిపరచే ఇతర పద్ధతులు సాధారణంగా దాని సాగుడు గుణాన్ని తగ్గిస్తాయి. రేణువులను సన్నగా చేయడం ఒక్కటే బలాన్ని, పగులును ఎదిరించే ఓర్మిని ఏకకాలంలో పెంచగల పద్ధతి. అందుకే లోహశాస్త్రంలో దానికి అంత గౌరవం.

ఇప్పుడు ప్రధాన విషయానికి రావాలి. జెట్ విమానపు ఇంజన్‌లో మండిన వాయువులు టర్బైన్ రెక్కల మీదికి దూకి వాటిని తిప్పుతాయి. నేటి ఇంజన్లలో ఆ వాయువుల వేడి 1500 డిగ్రీల సెల్సియస్‌ను మించుతుంది. రెక్కల లోహంలో ముఖ్యభాగమైన నికెల్ 1455 డిగ్రీల వద్ద కరుగుతుంది. అంటే తాను కరిగే వేడికంటే ఎక్కువ వేడిగాలిలో, లోపల చల్లని గాలి ప్రవహించే సన్నని దారుల సాయంతో, ఆ రెక్క నిలబడి నిమిషానికి వేల పర్యాయాలు తిరగాలి. విమానంలోని వందల ప్రాణాలు ఆ రెక్కల మీద ఆధారపడి ఉంటాయి. ఇంజన్ ఎంత వేడిగా నడిస్తే అంత తక్కువ ఇంధనంతో పనిచేస్తుంది. రెక్క ఎంత తేలికైతే దానిని పట్టి ఉంచే చక్రం మీద అంత భారం తగ్గుతుంది. కాబట్టి ఎక్కువ వేడిని తట్టుకొనేది, తక్కువ బరువు గలది అయిన పదార్థం కోసం అన్వేషణ అర్ధశతాబ్దానికి పైగా సాగుతున్నది.

ఆ అన్వేషణలో దొరికినవే అంతర్లోహ సమ్మేళనాలు. రెండు లోహాలను కరిగించి కలిపితే మామూలుగా పరమాణువులు ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటాయి. అంతర్లోహ సమ్మేళనంలో మాత్రం తరగతి గదిలో పేరుపేరునా చోట్లు కేటాయించినట్లు, ఈ స్థానం టైటానియంది, ఆ స్థానం అల్యూమినియంది అని నియమం ఉంటుంది. ఈ క్రమశిక్షణ వల్ల పరమాణువుల బంధాలు దృఢంగా ఉంటాయి, వేడికి తొందరగా లొంగవు. నికెల్, అల్యూమినియం మూడుకు ఒకటి చొప్పున కలిసిన సమ్మేళనం సుమారు 700, 800 డిగ్రీల వరకు వేడి పెరిగేకొద్దీ బలహీనపడకుండా మరింత బలపడుతుంది. టైటానియం, అల్యూమినియం సమపాళ్లలో కలిసిన సమ్మేళనం ఘన సెంటీమీటరుకు సుమారు 4 గ్రాములే తూగుతుంది. నికెల్ మిశ్రలోహం 8 గ్రాములకు పైనే తూగుతుంది. బరువు సగం, వేడిని సుమారు 750 డిగ్రీల వరకు తట్టుకొనే శక్తి. ఇంతకంటే ఏమి కావాలి?

కావలసింది సాగుడు గుణం. మెత్తని ఉక్కు కడ్డీని లాగితే తెగే ముందు నూటికి ఇరవై పాళ్లకు పైగా సాగుతుంది. టైటానియం అల్యూమినైడ్ గది వేడిలో నూటికి ఒకటి, రెండు పాళ్లు సాగేసరికి విరుగుతుంది. పరమాణువులకు చోట్లు కేటాయించిన క్రమశిక్షణే ఇక్కడ శత్రువైంది. ఒక వరుస జారితే క్రమం చెడుతుంది, కాబట్టి జారడం కష్టం. ఒక రేణువు పక్క రేణువులతో అతుకు వీడకుండా ఎటైనా ఆకారం మార్చుకోవాలంటే దానికి అయిదు స్వతంత్రమైన జారుడు మార్గాలు కావాలని శాస్త్రం చెబుతుంది. నికెల్, అల్యూమినియం సమపాళ్ల సమ్మేళనానికి ఉన్నవి మూడే. తక్కిన రెండూ లేనందున రేణువుల సరిహద్దులు నోరు తెరుస్తాయి. విమాన ఇంజన్‌ను బిగించే పనివాని చేతిలోంచి జారిపడితే చిట్లే రెక్క ఎవరికి పనికివస్తుంది?

ఈ చిక్కును విప్పడంలో మూడు మెట్లు ముఖ్యమైనవి. మొదటి మెట్టు 1979లో జపానులో. నికెల్ అల్యూమినైడ్ ఒంటి స్ఫటికంగా ఉన్నప్పుడు సాగుతుంది గాని, అనేక రేణువులుగా ఉన్నప్పుడు సరిహద్దుల వెంట పగులుతుంది. ఆవోకి, ఇజుమి అనే శాస్త్రజ్ఞులు దానిలో చిటికెడు బోరాన్ కలిపి చూశారు. బోరాన్ పోయి సరిహద్దులలో చేరి అతుకును గట్టిపరచింది. తరువాత అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో సి.టి. లియు బృందం అదే మార్గంలో నూటికి యాభై పాళ్ల వరకు సాగే లోహాన్ని సాధించింది. బోరాన్ లేని లోహం పెళుసుదనంలో గాలిలోని తేమకు కూడా పాత్ర ఉన్నదని అనంతర పరిశోధనలు తెలిపాయి. తేమలోని హైడ్రోజన్ సరిహద్దులను బలహీనపరుస్తుంది. పొడి ఆక్సిజన్‌లో అదే లోహం చక్కగా సాగింది.

రెండో మెట్టు 1983లో. షుల్సన్, బార్కర్ అనే శాస్త్రజ్ఞులు నికెల్, అల్యూమినియం సమపాళ్ల సమ్మేళనాన్ని వివిధ రేణు పరిమాణాలతో తయారుచేసి 400 డిగ్రీల వద్ద లాగి చూశారు. రేణువు పెద్దదిగా ఉన్నప్పుడు లోహం కొద్దిగా సాగి తెగింది. రేణువు సుమారు 20 మైక్రాన్ల కంటే చిన్నది కాగానే సాగుడు ఒక్కసారిగా హెచ్చి నూటికి 40 పాళ్ల వరకు చేరింది. పదార్థం అదే, పాళ్లు అవే. మారినది రేణువు పరిమాణం మాత్రమే. ‘ఇంతకంటే చిన్నదైతే సాగుతుంది, పెద్దదైతే పగులుతుంది’ అనే ఒక అవధి ఉన్నదని తేలింది. అయితే ఇది 400 డిగ్రీల నాటి ఫలితం. గది వేడిలో ఆ సమ్మేళనపు పెళుసుదనం దీనితో తీరిపోలేదు. చిన్న రేణువు గొప్ప ఔషధమే గాని సర్వరోగ నివారిణి కాదు.

మూడో మెట్టు మన హైదరాబాదులో పడింది. 1963లో స్థాపితమైన రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల కంచన్‌బాగ్‌లో ఉన్నది. ప్రత్యేక లోహాలను ఉత్పత్తి చేసే మిశ్ర ధాతు నిగమ్ 1973లో అక్కడికి సమీపంలోనే ఏర్పడింది. 1980 దశకంలో ఈ ప్రయోగశాలకు సంచాలకులుగా ఉన్న పల్లె రామారావు గారు తెలుగువారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో లోహశాస్త్రం బోధించినవారు, 2011లో పద్మవిభూషణ్ పొందినవారు. ఆ రోజులలో అక్కడ దీపాంకర్ బెనర్జీ, ఆయన సహచరులు టైటానియం మూడు పాళ్లు, అల్యూమినియం ఒక పాలు గల సమ్మేళనంలో నియోబియం అనే లోహాన్ని కలిపి పరిశీలిస్తున్నారు. నియోబియం కలిపితే ఆ సమ్మేళనపు పలకలు సన్నబడతాయి, వాటి నడుమ మెత్తని పొర ఒకటి నిలుస్తుంది. జారుడు దూరం తగ్గి, పగులు పుట్టే అవకాశం తగ్గుతుంది. ఈ పరిశీలనలో వారికి అంతకుముందు ఎవరూ గుర్తించని కొత్త స్ఫటిక క్రమం ఒకటి కనిపించింది. రెండు టైటానియం, ఒక అల్యూమినియం, ఒక నియోబియం పరమాణువులకు చోట్లు ఏర్పడిన ఆ క్రమాన్ని వారు 1988లో ప్రకటించారు. దాని ఆధారంగా పాతవాటికంటే ఎక్కువ ఓర్మి గల మిశ్రలోహాల కోసం వివిధ దేశాల ప్రయోగశాలలు పరిశోధనలు సాగించాయి. ప్రపంచ లోహశాస్త్ర గ్రంథాలలో హైదరాబాదు పేరుతో ముడిపడిన ఆవిష్కరణ అది. తెలుగు పిల్లలకు ఈ సంగతి పాఠంగా చెప్పవలసి ఉన్నది.

రేణువులను సన్నగా చేయడానికి నేటి పరిశ్రమలు ఆచరించే పద్ధతులు ఇందాకటి వంటింటి సూత్రాలకు దూరమైనవి కావు. మొదటిది, త్వరగా చల్లార్చడం. కరిగిన లోహాన్ని వాయువు ధారతో తుంపరలుగా చెదరగొడితే ఒక్కొక్క తుంపర క్షణంలో గడ్డకట్టి సన్నని రేణువుల పొడి అవుతుంది. ఆ పొడిని వేడిలో, గొప్ప ఒత్తిడితో అదిమి వస్తువుగా మలుస్తారు. రెండవది, తోడు వేయడం. పాలలో తోడు చుక్క వేసినట్లు, కరిగిన టైటానియం అల్యూమినైడ్‌లో కొద్దిగా బోరాన్ కలిపితే సన్నని బోరైడ్ పలుకులు ఏర్పడి, వేల చోట్ల గడ్డకట్టడం ఒకేసారి మొదలవుతుంది. నూరు పరమాణువులకు ఒకటి చొప్పున బోరాన్ చేరినా పోతలోని పెద్ద రేణువులు ఎన్నో రెట్లు చిన్నవవుతాయి. మూడవది, వేడి మీద అదిమి సాగదీయడం. మన పాత కమ్మరుల పద్ధతి ఇదే. దెబ్బతిన్న పాత రేణువుల స్థానంలో సన్నని కొత్త రేణువులు పుడతాయి. నాలుగవది, స్ఫటిక క్రమం మారే వేడి వరకు తీసుకుపోయి, దించి, మళ్లీ తీసుకుపోవడం. ప్రతి మార్పులోను కొత్త రేణువులు మొలకెత్తుతాయి.

ఈ శ్రమ ఫలించిందా అంటే కొంతవరకు ఫలించింది. అమెరికాకు చెందిన జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ 2011, 2012 సంవత్సరాలలో సేవలో ప్రవేశించిన జీఈఎన్ఎక్స్ ఇంజన్‌లో టైటానియం అల్యూమినైడ్ రెక్కలను అమర్చింది. క్రోమియం, నియోబియం కొద్దిపాళ్లు కలిపి, పోతపోసి, లోపలి రంధ్రాలను ఒత్తిడితో మూసి, తగిన వేడి చికిత్సతో సన్నని నిర్మాణం కలిగించిన రెక్కలు అవి. బోయింగ్ 787 విమానాలకు వాడే ఆ ఇంజన్‌లో అల్పపీడన టర్బైన్ చివరి రెండు వరుసలు వీటితో చేసినవే. బోయింగ్ 787 విమానాలు భారతదేశంలో 2012లో సేవలో ప్రవేశించాయి. ఆ లోహపు సాగుడు గుణం నేటికీ నూటికి ఒకటి, రెండు పాళ్లే. పెళుసుదనం పూర్తిగా పోలేదు. ఎంత సాగుతుందో, ఎప్పుడూ అంతే సాగుతుందని నమ్మకం కలిగించడమే ఇంజనీర్ల విజయం. ఆ నమ్మకానికి మూలం ప్రతి రెక్కలోను ఒకే తీరుగా ఉండే సన్నని రేణు నిర్మాణం.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకపోతే ప్రసంగం అసంపూర్ణమవుతుంది. మిక్కిలి వేడిలో, ఎడతెగని లాగుడుకు లోనైన లోహం గంటల తరబడి మెల్లగా సాగిపోతుంది. దీనిని క్రీప్ అంటారు. ఆ వేడిలో రేణువుల సరిహద్దులే బలహీనమైన చోట్లు. రేణువులు ఒకదానిపై ఒకటి జరుగుతాయి. సరిహద్దులు ఎక్కువైతే జరగడం ఎక్కువ. అంటే చల్లని స్థితిలో రక్షించిన చిన్న రేణువే తీవ్రమైన వేడిలో కీడు చేస్తుంది. అందుకే ఇంజన్‌లో అన్నిటికంటే వేడిగా ఉండే చోట రెక్కను అసలు సరిహద్దే లేకుండా ఒంటి స్ఫటికంగా పోతపోస్తారు. ఆ రెక్కను పట్టి ఉంచే చక్రం అంత వేడెక్కదు గాని గొప్ప బలానికి లోనవుతుంది, కాబట్టి దానిని మిక్కిలి సన్నని రేణువులతో చేస్తారు. ఒకే యంత్రంలో, చేతి దూరంలో, రెండు విరుద్ధమైన పరిష్కారాలు పక్కపక్కనే పనిచేస్తాయి. వేడి ఎంత, బలం ఎంత, ఎంతకాలం అన్న ప్రశ్నలకు జవాబు తెలిసిన తరువాతనే రేణువు ఎంత ఉండాలో నిర్ణయించాలి.

ఒంటి స్ఫటికపు రెక్కల విద్య కూడా హైదరాబాదు ప్రయోగశాలకు పట్టుబడింది. స్వదేశీ హెలికాప్టర్ ఇంజన్ కోసం 60 రెక్కలను హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థకు అందజేసినట్లు 2021 ఏప్రిల్‌లో ప్రకటన వెలువడింది. ఈ విద్య తెలిసిన దేశాలు వేళ్ల మీద లెక్కించదగినన్ని మాత్రమే. అది ఎంత అవసరమో కావేరీ ఇంజన్ చరిత్ర చెబుతుంది. యుద్ధవిమానం కోసం సొంత ఇంజన్ తయారుచేయాలని 1989లో ప్రభుత్వం బెంగళూరులోని పరిశోధన సంస్థకు పని అప్పగించింది. తేజస్ విమానం 2001 జనవరి 4న తొలిసారి ఎగిరినప్పుడు దానిలో ఉన్నది అమెరికా ఇంజన్. కావేరీ ఆ విమానానికి అందిరాలేదు. వేడిని తట్టుకొనే లోహాలు, వాటిని మలచే విద్య చేతిలో లేకపోవడం ఆ ఆలస్యానికి గల కారణాలలో ఒకటి. ఇతర దేశాలు యంత్రాన్ని అమ్ముతాయి గాని, దాని లోహంలోని రేణువుల రహస్యాన్ని అమ్మవు. ఒకనాడు పారసీకులు మన గ్రామాలకు వచ్చి ఉక్కు కొనుక్కుపోయారు. నేడు మనం ఇంజన్ల కోసం ఇతరుల వాకిట నిలబడుతున్నాము. నడుమ జరిగినది ఏమిటో చరిత్ర ఉపాధ్యాయులు, విజ్ఞాన ఉపాధ్యాయులు కలిసి పిల్లలకు చెప్పవలసిన విషయం.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంతటి శాస్త్రం తెలుగులో చదివే పిల్లలకు అందదనే సంశయం అక్కరలేదు. నెయ్యి పూస కట్టడం, పాలకు తోడు వేయడం, మడికి గట్టు వేయడం, కమ్మరి కొలిమి, ఇవన్నీ ఆ శాస్త్రానికి వాకిళ్లు. మాతృభాషలో ఆ వాకిలి దాటిన బిడ్డకు తరువాతి గదులలో ఏ భాష ఎదురైనా భయం ఉండదు. ఉపాధ్యాయులకు కూడా ఒక సూచన. విరిగిన పోతయినుప ముక్కను, వంగిన మేకును, జింకు పూత బకెట్టును తరగతి గదిలోకి తీసుకురండి. విరిగిన చోట పోతయినుము ఎందుకు గరుకుగా మెరుస్తుందో, మేకు ఎందుకు విరగక వంగిందో పిల్లలనే అడగండి. జవాబు తప్పయినా ఫరవాలేదు, ప్రశ్న నిలిస్తే చాలు.

పూర్వ విద్యార్థులలో ఇంజనీర్లు, కర్మాగారాలలో పనిచేసేవారు ఎందరో ఉన్నారు. తమ చేతులలోని లోహం గురించి తమకు తెలిసినది ఏడాదికి ఒక్కనాడైనా వచ్చి ఈ బాలబాలికలకు తెలుగులో చెప్పగలిగితే అది ఈ ప్లాటినం జూబిలీకి తగిన కానుక అవుతుంది. తీర్థమలై కొండ పొరలలో ఇనుము నేటికీ ఉన్నది. దానిని ఉక్కుగా మార్చిన బుద్ధి ఈ నేలమీద మళ్లీ మొలకెత్తాలని, అందుకు ఈ పాఠశాల చిరకాలం నెలవు కావాలని ఆకాంక్ష.

స్వస్తి.